‘జల్సాలకు అలవాటుపడి’ అన్న తరువాత ఏముంది?

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రికలో కొంతకాలంగా ఆదివారం నాడు వస్తున్న నేర కథనాలను మా ఇంట్లో అందరికంటే ముందు చదివేది నేనే, చదివి విసుక్కునేదీ నేనే. ముప్పై ఒక్క సంవత్సరాలు సెషన్స్ కోర్టులలో స్టెనోగ్రాఫరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సాక్షి తెలుగులో చెబుతాడు, న్యాయమూర్తి దాన్ని ఇంగ్లీషులో చెబుతారు, నేను టైపు చేస్తాను. ఆ రెండు భాషల నడుమ జారిపోయిన మాటలు చాలా నా చెవిలో మిగిలిపోయాయి. మనిషిని నేరానికి పురికొల్పింది ఏమిటన్న ప్రశ్నకు మీ కథనాలు ఇస్తున్న జవాబు ఎక్కడ తయారవుతుందో, అది ఎందుకు చాలదో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను. కొంచెం పొడుగు ఉత్తరమే, మన్నించాలి.

“చెడు వ్యసనాలకు బానిసై, జల్సాలకు అలవాటుపడి, సులువుగా డబ్బు సంపాదించాలనే దురుద్దేశంతో…” ఈ వాక్యాన్ని మీ విలేకరి పుట్టించలేదు. పోలీసు స్టేషన్‌లో రైటర్ అని ఒకరుంటారు. నిందితుణ్ణి అరెస్టు చేసిన రోజున ఇద్దరు మధ్యవర్తుల ఎదుట నమోదు చేసే నేరాంగీకార వాంగ్మూలాన్ని చాలాచోట్ల కాగితం మీద పెట్టేది ఆయనే. అక్కడి మాటలు రిమాండ్ రిపోర్టులోకి, రిమాండ్ రిపోర్టు నుంచి ముసుగులు తొడిగిన నిందితులను వరుసగా నిలబెట్టే విలేకరుల సమావేశంలోకి, మరునాటి పొద్దున మా గుమ్మంలో పడే పత్రికలోకి వస్తాయి. నా సర్వీసులో ఇటువంటి వాంగ్మూలాలు ఎన్ని చూశానో లెక్క లేదు. సైకిలు దొంగకూ, గొలుసు దొంగకూ, మనిషిని చంపినవాడికీ ఒకటే బాల్యం, ఒకటే పతనం. “నేను ఫలానా ఊరిలో పుట్టి, ఏడవ తరగతి వరకు చదివి, చదువు అబ్బక…” అని మొదలవుతుంది. “చదువు అబ్బక” అన్న మాట ఎంత నిలకడగా వచ్చేదంటే, ఒకసారి డిగ్రీ పాసైన ముద్దాయి వాంగ్మూలంలో కూడా అది కనిపించేసరికి మా బెంచి క్లర్కు నవ్వు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయాడు.

పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని పాత సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఆ వాంగ్మూలం వల్ల దొరికిన కత్తో, నగో ఉంటే ఆ మేరకు మాత్రమే అది పనికొస్తుంది. తన గురించి తాను చెప్పుకున్నట్టు అందులో ఉన్న మిగతా కథంతా కోర్టు గడప దగ్గరే ఆగిపోతుంది. న్యాయస్థానం చదవడానికే ఒప్పుకోని కాగితాన్ని పత్రికలు, టీవీలు, ఇప్పుడు యూట్యూబ్ చానెళ్ళు నేరస్థుడి అంతరంగంగా జనం ముందు పెడుతున్నాయన్నది నా మొదటి అభ్యంతరం.

దీనికి “మరి కోర్టు కనుక్కుంటుంది కదా” అని మీరు అనవచ్చు. అక్కడ కూడా ఒక చిక్కు ఉంది. హత్యను ప్రత్యక్షంగా చూసిన సాక్షులు ఉండి, వారు నిలబడితే, ముద్దాయి ఎందుకు చంపాడో రుజువు చేయవలసిన అవసరం ప్రాసిక్యూషన్‌కు లేదు. చూసినవారు లేని కేసుల్లో మాత్రం మోటివ్ గొలుసులో ఒక ముఖ్యమైన లంకె అవుతుంది. అప్పుడైనా కోర్టు అడిగేది “చంపడానికి ఇతడికి కారణం ఉందా” అని మాత్రమే. “ఆ కారణం ఇతణ్ణి ఎందుకు అంతదూరం తీసుకుపోయింది” అని కాదు. అదే కారణం ఉన్నవారు ఊళ్ళో పదిమంది ఉంటారు. తొమ్మిదిమంది తిట్టుకుని, పంచాయితీ పెట్టుకుని, మాట్లాడుకోవడం మానేసి ఊరుకుంటారు. పదోవాడి దగ్గర తెగిందేమిటన్నది చట్టం తన పనిగా పెట్టుకోలేదు. పోలీసులు చెప్పే మోటివ్, కోర్టు తేల్చే మోటివ్, మనం నిజంగా తెలుసుకోవాలనుకునే మూలం, ఈ మూడూ వేరువేరని ఒప్పుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది.

గొర్రెకుంట కేసు మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2020 మే 21న వరంగల్ శివారులో గోనెసంచులు తయారుచేసే కర్మాగారం పక్కనున్న పాడుబావిలో నాలుగు మృతదేహాలు తేలాయి, మరునాడు ఇంకో ఐదు బయటపడ్డాయి. బెంగాల్ నుంచి వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే బతుకుతున్న ఒక కుటుంబం, బిహార్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, త్రిపుర మనిషి ఒకరు. లాక్‌డౌన్ రోజులు. జాతీయ రహదారుల మీద వలస కూలీలు పిల్లలను భుజాన వేసుకుని నడుస్తున్న దృశ్యాలు రోజూ చూస్తున్నాం కనుక, పనిలేక, తిండిలేక బావిలో దూకి ఉంటారన్న అనుమానం మొదట వచ్చింది, చాలామందిమి నమ్మాం కూడా. నేనైతే ప్రభుత్వాన్ని తిడుతూ మీకే ఒక ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. పోస్టు చేయకముందే అసలు సంగతి తెలిసింది. అంతకు రెండు నెలల ముందు తనతో సహజీవనం చేస్తున్న స్త్రీని రైల్లో చంపి తోసేసిన వ్యక్తి, ఆమె ఏమైందని ఆ బెంగాల్ కుటుంబంలోని ఆమె బంధువు నిలదీయడంతో, భోజనంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని గోనెసంచుల్లో ఈడ్చుకువెళ్ళి బావిలో పడేశాడు. ఆ కుటుంబంతో సంబంధం లేని ముగ్గురు చనిపోయింది ఆ రాత్రి అక్కడ ఉన్నందుకు. 2020 అక్టోబరు 28న వరంగల్ కోర్టు అతడికి మరణశిక్ష విధించింది.

ఇక్కడ మోటివ్ స్పష్టంగానే ఉంది: ఒక హత్యను దాచడానికి తొమ్మిది హత్యలు. అయినా ఆ వాక్యం చదివితే మనకు ఏమైనా అర్థమైందా? ఒక నేరం దాచుకోవాలనుకునేవాడు సాధారణంగా పారిపోతాడు. పరాయి రాష్ట్రం నుంచి వచ్చినవాడికి పారిపోవడం మరీ సులువు. మూడేళ్ళ పసివాడితో సహా అందరినీ ఒక్కొక్కరిగా మోసుకువెళ్ళే పని చేసిన మనిషి మనసులో ఏముందో “దాచడానికి” అన్న ఒక్క మాట చెప్పదు. ఆ ఖాళీలో మన పత్రికలు “సైకో” అన్న పదం పెట్టి పేజీ ముగించాయి.

ఆ పదం మీద నాకు ప్రత్యేకంగా కోపం ఉంది. చట్టంలో మతిస్థిమితం లేకపోవడమన్నది చాలా ఇరుకైన తలుపు. పాత శిక్షాస్మృతి 84వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహిత 22వ సెక్షన్ ప్రకారం, తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పని గాని తెలుసుకోలేని స్థితిలో ఆ క్షణాన ఉన్నాడని ముద్దాయి చూపించుకోవాలి. ఇంగ్లండులో 1843 నాటి మెక్‌నాటన్ కేసు నుంచి వచ్చిన కొలత అది. నా అనుభవంలో ఆ తలుపు తట్టినవారే తక్కువ, లోపలికి వెళ్ళినవారు ఇంకా తక్కువ. “సైకో” అని రాసినప్పుడు చదివేవారికి కలిగే నిశ్చింత వేరు: వాడు మనలాంటివాడు కాదు, మన వీధిలో ఉండడు. నిజంగా మానసిక వ్యాధితో మందులు మింగుతూ ఎవరికీ హాని చేయక బతుకుతున్నవాళ్ళు మాత్రం ఆ పదం చూసి తలుపులు వేసుకుంటారు. మా బంధువుల్లోనే ఒకమ్మాయి మాత్రల స్ట్రిప్పు మీద పేరు కనబడకుండా కాగితం అంటిస్తుంది.

పుట్టుకలోనే నేరం ఉంటుందన్న ఆలోచనకు మన నేల మీద పాత చరిత్రే ఉంది. ఇటలీలో లోంబ్రోజో అనే వైద్యుడు ఒక దొంగ పుర్రెను కోసి చూసి, అందులోని ఒక గుంటను పట్టుకుని, నేరస్థుడు ఆదిమ మానవుడికి దగ్గరివాడని సిద్ధాంతం చేసి 1876లో గ్రంథం అచ్చువేశాడు. మన దేశంలో పాలకులు అంతవరకు ఆగలేదు. 1871లోనే నేరస్థ జాతుల చట్టం తెచ్చి, 1911లో మద్రాసు రాజ్యానికీ వర్తించేలా చేశారు. దాని ఫలితమే బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. ఎరుకల కుటుంబాలను తెచ్చి ఒకచోట పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, హాజరు పట్టీలో వేలిముద్ర వేయించి, ఊరు దాటాలంటే చీటీ కావాలన్నారు. ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే వారి వ్యాపారం రైళ్ళు రావడంతోను, ఉప్పు పన్నులతోను దెబ్బతిన్నదన్న సంగతి ఎవరి రికార్డులోనూ “మోటివ్” అన్న గడిలో కనిపించదు. ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే మద్రాసులోను, 1952 కల్లా దేశమంతటా పోయింది. పేరు మాత్రం పోలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, చోరీ కేసులో ముద్దాయి ఊరు స్టువర్టుపురమని చదవగానే కోర్టు హాల్లో గుసగుస వినిపించేది. సాక్ష్యం మొదలుకాకముందే సగం తీర్పు అయిపోయేది. సంఘ సంస్కర్తలు లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడికి వెళ్ళి కూర్చుని, దొంగతనం మానుకుంటామన్నవారికి బతుకుతెరువు చూపించే పనికి పూనుకున్నప్పుడు వారు అడిగిన ప్రశ్న పుర్రె కొలతల గురించి కాదు.

ఇక చిలకలూరిపేట. 1993 మార్చి 8 తెల్లవారుజామున ఆర్టీసీ బస్సు దగ్ధమై 23 మంది ప్రయాణికులు చనిపోయిన ఘటన గురించి ఈ తరం పిల్లలకు తెలియదు గాని, ఆ రోజు ఫోటోలు చూసినవాళ్ళకు ఇప్పటికీ పెట్రోలు వాసన గుర్తొస్తుంది. ఇద్దరు యువకులు పెట్రోలు పట్టుకుని దోపిడీకి బస్సెక్కారు. పెట్రోలు చల్లి, అగ్గిపుల్ల చూపించి బెదిరిస్తే జనం డబ్బు ఇచ్చేస్తారన్నది వారి పథకం. ప్రయాణికులు లొంగలేదు, తోపులాట జరిగింది, నిప్పు అంటుకుంది. గుంటూరు సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేశాయి. 1997లో క్షమాభిక్ష తిరస్కారమై, ఉరితీత తేదీ కూడా నిర్ణయమై, చివరి గంటల్లో ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

నేను ఆ కోర్టులో పనిచేయలేదు. కాని ఆ రోజుల్లో మా ఆఫీసులో టీ తాగే ప్రతి బల్ల దగ్గరా ఇదే చర్చ. ఉరి తీయాల్సిందేనన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, గట్టిగానే అన్నాను. పౌరహక్కుల వారు, బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి వంటివారు ఆ ఇద్దరి కోసం నిలబడినప్పుడు, “కాలిపోయినవాళ్ళకు హక్కులు లేవా” అని ఒక సీనియర్ వకీలుతో వాదించాను. ఆయన ఒకటే అన్నారు: “వాళ్ళు బస్సెక్కింది చంపడానికా, భయపెట్టడానికా? రెండూ నీకు ఒకటేనా?” చట్టానికి ఆ రెండూ ఒకటే కావచ్చు, పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీసేవాడికి మనుషులు చస్తారని తెలియదనుకోవడం కుదరదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. అయితే పేద దళిత కుటుంబాల నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు అంత మొరటు, అంత తెలివితక్కువ పథకంతో బస్సెక్కేదాకా వారి జీవితంలో ఏం జరిగిందన్నది విచారణ కాగితాల్లో కాకుండా, తీర్పులన్నీ అయిపోయాక, ఉరితాడు దాకా వచ్చాక, బయటివాళ్ళు అడిగితే చర్చకు వచ్చింది. అడగవలసిన చోట అడగని ప్రశ్న ఐదేళ్ళు ఆలస్యంగా రాష్ట్రపతి భవన్‌కు చేరింది. ఆనాటి వకీలు ఇప్పుడు లేరు. ఉంటే ఆ మాట వరకు నేను ఓడిపోయానని చెప్పేవాణ్ణి.

అన్ని నేరాల అడుగున ఏదో లోతు ఉందని నేను అనడం లేదు. ఒంగోలు ప్రాంతంలో 2008లో లారీ డ్రైవర్లను, క్లీనర్లను చంపిన ముఠా సంగతి చూడండి. అధికారుల్లా నటించి రహదారి మీద లారీ ఆపడం, మెడకు తాడు బిగించి చంపి పాతిపెట్టడం, సరుకు అమ్ముకోవడం, లారీని ముక్కలు చేసి తుక్కుగా అమ్మడం. 2021 మే నెలలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది. అక్కడ మనిషి ప్రాణం ఖర్చుల ఖాతాలో ఒక పద్దు. అటువంటి కేసులో ముఠా నాయకుడి బాల్యం తవ్వడం కన్నా ఆ తుక్కు కొన్నదెవరు, నంబరు ప్లేటు లేని ఇంజను ఏ యార్డులో తూకానికి వెళ్ళింది అని అడగడం ఎక్కువ ఉపయోగం. మనిషిని నడిపించేది లోపలి చీకటే కానక్కరలేదు, బయటి సంత కూడా కావచ్చు.

హాజీపూర్‌లో నాకు అనిపించిందీ ఇదే. 2019 ఏప్రిల్‌లో బొమ్మలరామారం మండలంలోని ఆ ఊళ్ళో కనిపించకుండా పోయిన బడిపిల్ల పాడుబావిలో శవమై దొరికితే, వెతుకుతూ పోగా అంతకు ముందు మాయమైన మరో ఇద్దరు ఆడపిల్లల అవశేషాలు దొరికాయి. వారిలో ఒకరు 2015 నుంచి కనిపించని చిన్నపిల్ల. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ ప్రత్యేక కోర్టు దోషికి మరణశిక్ష విధించింది. వారాల తరబడి టీవీలు అతడి చూపులు, అలవాట్లు, పాత ఫోటోలు చూపించి మనస్తత్వ నిపుణులను కూర్చోబెట్టాయి. మండల కేంద్రం నుంచి ఊరికి సరిగా బస్సు లేక, పిల్లలు నడిచో, తెలిసిన బండి ఎక్కో ఇల్లు చేరేవారన్న సంగతి మాత్రం ఒకటి రెండు రోజుల్లో మరుగున పడింది. అతడు ఎందుకు అలా తయారయ్యాడన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉంటుందనుకోను. ఆ దారిలో సాయంత్రం నాలుగున్నరకు బస్సు ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు చెప్పగల అధికారులు మాత్రం ఉన్నారు.

దిశ కేసు గురించి రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు, అయినా తప్పదు. 2019 నవంబరు 27 రాత్రి జరిగిన ఘోరానికి డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల మరణంతో “న్యాయం” జరిగిందని పూలు చల్లినవారిలో మా వీధివారూ ఉన్నారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్, నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే పోలీసులు కాల్పులు జరిపారని, వారిలో ముగ్గురు మైనర్లని తన నివేదికలో పేర్కొంది. 2022 మే నెలలో అది బయటికొచ్చింది. ఆ వయసు కుర్రాళ్ళు లారీ దిగి అటువంటి పనికి ఎలా పాల్పడ్డారో తెలుసుకునే అవకాశం ఆ పొలంలోనే ముగిసింది. ఆడపిల్లల తల్లిదండ్రులుగా మనకు అందరికన్నా ఎక్కువ అవసరమైన జవాబు అది.

తెలుసుకోవడానికి నార్కో పరీక్షలు చేయండి, మెదడు స్కాను తీయండి అని మీకు పాఠకులు తరచూ రాస్తుంటారు. ఇష్టం లేని మనిషికి నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్, పాలిగ్రాఫ్ చేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పేసింది. మత్తులో అన్న మాట నిజమని ఎవరు హామీ ఇస్తారు? అమెరికాలో ఎఫ్‌బీఐ వారు 36 మంది ఖైదీలతో జైళ్ళలో మాట్లాడి నేరస్థుల మనస్తత్వ చిత్రాలు గీశారని మన టీవీల్లో గొప్పగా చెబుతారు. వారు మాట్లాడింది పట్టుబడినవారితో, అందులోనూ మాట్లాడడానికి ఒప్పుకున్నవారితో. ఒప్పుకున్నవారిలో తమ గురించి తామే కథలు అల్లి మురిసేవారు ఉండరా?

నిజానికి ఆ వెతుకులాటకు మన చట్టంలోనే చోటుంది, కొత్తగా కనిపెట్టనక్కరలేదు. నేరం రుజువయ్యాక శిక్ష విధించేముందు ముద్దాయి మాట వినాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235(2), ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 258(2) చెబుతున్నాయి. 1980లో మరణశిక్షపై సుప్రీంకోర్టు ఇచ్చిన బచన్ సింగ్ తీర్పు, నేరంతోపాటు నేరస్థుణ్ణి కూడా చూడాలని చెప్పింది. 2022 మే 20న మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్ళి, మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో ముద్దాయి మానసిక స్థితిపై నిపుణుల నివేదిక, కుటుంబ నేపథ్యం, చదువు, ఆదాయం, చిన్ననాట ఎదుర్కొన్న హింస, జైల్లో ప్రవర్తన వంటి వివరాలన్నీ విచారణ కోర్టులోనే తెప్పించాలని ఆదేశించింది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వారు 88 మంది మరణశిక్ష ఖైదీలను పరిశీలించి 2021లో ప్రచురించిన నివేదికలో, వారిలో 60 శాతానికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నారని తేలింది. జైలుకు వెళ్ళాక వచ్చిందెంత, ముందే ఉన్నదెంత అన్నది వేరే సంగతి. మీ కథనాల్లో ఎన్నడైనా ఈ నివేదికల నుంచి ఒక్క వాక్యం వచ్చిందా? అరెస్టు రోజున అరపేజీ ఇస్తారు, తీర్పు రోజున నాలుగు పంక్తులు. అరపేజీలో ఉండేది రైటర్ రాసిన కథ. కోర్టు తెప్పించిన కాగితాల్లో ఏముందో ఆ నాలుగు పంక్తుల్లో పట్టదు. ఈ కొలతలు తారుమారు చేసి చూడమనే నా మనవి.

ఇంకొక సంగతి. మీరు రాసే నేరాలు అరుదైనవి కనుకే వార్తలవుతాయి. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. వాటిలో 9,962 కేసులకు కారణం “తగాదాలు” అని ఉంది. పగలు, కక్షలు 3,761, లాభాపేక్ష 1,884. అంటే మూడింట ఒక వంతుకు పైగా హత్యలు “తగాదా” అన్న ఒక్క గడిలో పడిపోయాయి. ఆ గడిలో ఏముంటుందో నేను ఒకసారి దగ్గరగా చూశాను.

ఊరు, సంవత్సరం చెప్పను. అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి బోరు, వంతులవారీగా నీళ్ళు. తమ్ముడు పారతో అన్న తల మీద కొట్టాడు, అన్న పొలం గట్టు మీదే చనిపోయాడు. సాక్ష్యం గట్టిది, నేరం రుజువైంది. శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా అని న్యాయమూర్తి అడిగారు. మామూలుగా అక్కడ ముద్దాయిలు చెప్పేది ముసలి తల్లి, పెళ్ళికాని చెల్లెలు, చిన్నపిల్లలు. నా వేళ్ళకు ఆ వాక్యం నోటికొచ్చినట్టే వచ్చు. ఇతడు బోను కమ్మీ పట్టుకుని, “అయ్యా, ఆ పక్షమంతా కరెంటు రాత్రి రెండింటికి ఇచ్చారండి. పదకొండు రాత్రులు నిద్ర లేదండి. వరి పొట్ట మీదుందండి. వంతు నాదైతే మా అన్న వచ్చి స్టార్టరు కట్టేశాడండి” అన్నాడు. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. న్యాయమూర్తి “తల్లిదండ్రులున్నారా” అని అడిగారు. “అమ్మ ఉందండి” అన్నాడు. వృద్ధురాలైన తల్లి తనపై ఆధారపడి ఉన్నదని, దయ చూపవలసిందని ముద్దాయి వేడుకున్నట్టు ఇంగ్లీషులో చెప్పారు, నేను టైపు చేశాను. కరెంటు మాట రికార్డులో లేదు. ఆ న్యాయమూర్తిని నేను తప్పుపట్టను. హత్య రుజువైతే యావజ్జీవానికి తక్కువ శిక్ష లేదు కనుక ఆ మాట రాసుకున్నా ఆయన చేయగలిగింది లేదు. పదకొండు రాత్రుల జాగారం హత్యకు సాకు కూడా కాదు. అదే కరెంటుకు అదే ఊళ్ళో మేలుకున్న రైతులెవరూ పార ఎత్తలేదు. అయితే ఆ కేసు మొత్తంలో, ఎఫ్ఐఆర్ నుంచి తీర్పు వరకు, “ఎందుకు” అన్నదానికి ఎవరూ చెప్పిపెట్టకుండా, ఎవరూ రాసిపెట్టకుండా వచ్చిన జవాబు అదొక్కటే.

మరునాడు ఒక పత్రికలో (మీది కాదు) లోపలి పేజీలో నాలుగు పంక్తుల వార్త వచ్చింది. “చెడు వ్యసనాలకు బానిసై అన్నను హతమార్చిన తమ్ముడికి యావజ్జీవం” అని ఉంది. మా డఫేదారు దాన్ని నా బల్ల మీద పెట్టి, “ఏడాదిన్నర వాయిదాలకు వచ్చాడండీ, బీడీ అయినా కాల్చడం నేను చూడలేదు” అన్నాడు.

భవదీయుడు,
విశ్రాంత కోర్టు స్టెనోగ్రాఫరు, కృష్ణా జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)